అడవి మానుకున్నామని రాసిన అర్జీ

దస్తగిరి పోయిన నలభయ్యో రోజు ఫాతెహాకు గిద్దలూరు వెళ్ళాను. స్టేషను వెనక వీధిలో వాడి ఇల్లు. షామియానా కింద జనం భోజనాలకు కూర్చుంటుండగా వాడి పెద్దకొడుకు వచ్చి నా చెయ్యి పట్టుకుని, “పెదనాయనా, మీరిద్దరూ చదువుకునేటప్పుడు చెంచోళ్ళకు భూములు ఇప్పించినారంట గదా, ఆ సంగతి నాలుగు మాటలు చెప్పు, పిల్లలు వింటారు” అన్నాడు. లేచి చెప్పాను. హైస్కూలు పిల్లలం ఆరుగురం గూడేనికి పోయి అర్జీలు రాయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, చివరికి పట్టాలు రావడం, అన్నీ చెప్పాను. పుణ్యం చేసుకున్నారయ్యా అన్నాడు ఒక పెద్దాయన. అరవై ఏళ్ళుగా ఈ కథ నేను ఎక్కడ చెప్పినా, దస్తగిరి పక్కనే ఉండి మోచేత్తో పొడిచేవాడు. మొదటి అర్జీ సంగతి ఎప్పుడు చెప్తావురా అని అడిగి, నేను నసుగుతుంటే తనే అందుకుని చెప్పేసేవాడు. ఇప్పుడు పొడిచేవాడు లేడు. నేను మంచి సగం చెప్పి దర్జాగా కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. తిరుగు రైలు కంభం దాటేసరికి ఆ రెండో సగం నేనే రాయాలని నిశ్చయించుకున్నాను. దానికి మా నాయన దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన మార్కాపురంలో కచేరీకి ఎదురుగా ఒక అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేవాడు. అప్పటికి మాది కర్నూలు జిల్లా. ప్రకాశం జిల్లా అనే మాట ఇంకా పుట్టలేదు. రాష్ట్రం కొత్తది, ప్రభుత్వం ఏదో ఇస్తుందన్న ఆశా కొత్తదే, అందుకని నాయనకు పని బాగానే ఉండేది. ముందు రోజు సాయంత్రమే సిరా బిళ్ళలు నీళ్ళలో నానేసి పెట్టడం నా పని. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వాలుబల్ల చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. ఒక అర్జీ అయ్యాక ఒక చిటికెడు నశ్యం. రాసింది అర్జీదారుకు మొదటినుంచి చివరిదాకా పైకి చదివి వినిపించనిదే వేలిముద్ర వేయించుకునేవాడు కాదు. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, నింపాదిగా, అక్షరం మింగకుండా చదివేవాడు. తన కష్టాన్ని ఆ గొంతులో విని కళ్ళు తుడుచుకోని అర్జీదారు లేడు. ఒక ముసలమ్మయితే అంతా విని, “ఇంత కష్టం నాదేనా నాయనా?” అని అడిగిందట. ఆ మాట చెప్పి మా నాయన ఏళ్ళ తరబడి నవ్వేవాడు.

ఇంట్లో సజ్జ రొట్టెల వాసన, పిడకల పొగ, వాటి మధ్య ఎప్పుడూ సిరా వాసన. నాయన చొక్కా జేబు మీద నీలిమరకలు పోగొట్టడానికి అమ్మ నిమ్మచెక్క పెట్టి రుద్దేది, అవి పోయేవి కావు. మేనమామ దగ్గర్నుంచి ఉత్తరం వస్తే నాయన దాన్ని కూడా అర్జీ చదివినట్టే చదివేవాడు. మా అన్న చిన్నకోడలికి కాన్పయిన సంగతి కలెక్టరుకు మనవి చేసుకోవాల్నా ఏంది అని అమ్మ దెప్పేది. నాకు మాత్రం ఆ భాషంటే మోజు. తమ దివ్యసముఖమునకు, చిత్తగించవలెను, దిక్కులేనివారము, ఇవన్నీ పదేళ్ళకే కంఠతా వచ్చేశాయి. జ్వరమొచ్చి బడి ఎగ్గొట్టిన రోజుకు తమ కృపాకటాక్షమునకై వేచియున్నవాడను అని సెలవుచీటీ రాస్తే, పంతులుగారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సిగ్గుపడాల్సింది పోయి నేను గర్వపడ్డాను. అదుగో, అక్కడే నాకు పొగరు మొదలైంది.

దస్తగిరి నాతో పాటు ఎస్సెల్సీ చదివేవాడు. వాళ్ళ నాయన బండి మీద జొన్నలు, బట్టలు వేసుకుని యర్రగొండపాలెం అవతల చెంచు గూడేలకు పోయి, వాటికి బదులు తేనె, చింతపండు తెచ్చుకునేవాడు. సెలవుల్లో దస్తగిరి కూడా బండెక్కేవాడు కనక ఆ దారులన్నీ వాడికి తెలుసు. ఒకసారి వచ్చి, ప్రభుత్వం చెంచోళ్ళకు భూమి, ఎద్దులు, విత్తనాలు ఇస్తుందంట, పక్క గూడేలకు వచ్చినాయంట, ఫలానా గూడేనికి మాత్రం రాలేదు, ఎందుకంటే అక్కడ అడిగేవాడు లేడు అన్నాడు. అడిగేవాళ్ళం మనమవుదాం అనుకున్నాం. మేం ఆరుగురం. మాకు పెద్దలెవరూ చెప్పలేదు, పంతుళ్ళకు తెలియను కూడా తెలియదు. అర్జీలు రాసేవాడి కొడుకును కాబట్టి రాతపని నాకే అప్పగించారు. ఒకడు కాగితాలు తెచ్చాడు, ఇంకొకడు రొట్టెలు మూటకట్టుకొచ్చాడు, నేను నాయన పాత ఇంకు ప్యాడు అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆయన అడిగితే చెప్పాను. మంచిపనే, జాగ్రత్తగా రాయండి అన్నాడు. అంతకుమించి అడగలేదు, నేనూ చెప్పలేదు.

గూడెం అడవి మొదట్లో ఉండేది. ఇరవై చిల్లర గుడిసెలు, గుండ్రంగా, వెదురు దడులతో. లోపలికి పోతే పొగచూరిన వెదురు వాసన, ఎండబెట్టిన ఇప్పపూల తీపి వాసన. గూడేనికి పెద్ద ఈదన్న. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ చూసేవాడు. ఆయన భార్య గురవమ్మ దానికి సరిగ్గా ఎదురు. పట్నం పిల్లోళ్ళు మావల్ల చెడిపోతారేమో, మీ అమ్మలకు చెప్పి వచ్చినారా అని మమ్మల్ని ఆటపట్టించింది. వచ్చిన పని చెప్పాం. భూమి ఇస్తారంటే వాళ్ళకు నమ్మకం కుదరలేదు, ఎద్దులంటే మాత్రం కుర్రకారు కాస్త ముందుకు జరిగారు. ఈదన్న ఒక్కటే అడిగాడు, భూమి ఇచ్చి మళ్ళా ఏమైనా తీసుకుంటారా అని. మేం నవ్వాం. ఏమీ తీసుకోరు, అది మీ హక్కు అన్నాం. హక్కు అనే మాట అప్పుడే కొత్తగా నేర్చుకున్నాం, సందు దొరికితే వాడేవాళ్ళం.

ఆ రోజు నేను రాసినంత అందంగా జన్మలో మళ్ళీ రాయలేదు. మొదట ఒక ముసాయిదా తయారుచేశాను. మేము అడవి వృత్తి పూర్తిగా మానుకొని, వ్యవసాయమే జీవనాధారముగా, ఒక్కచోటనే స్థిరముగా కాపురముండుటకు సంకల్పించినవారము. ఇది అందులో నాకు బాగా నచ్చిన వాక్యం. దస్తగిరి భుజం మీదుగా చూసి, “వీళ్ళు మానుకోలేదు గదరా” అన్నాడు. అట్ల రాస్తేనే ఆఫీసరు మెత్తబడతాడు, అర్జీ అంటే అంతే, మా నాయన దగ్గర రోజూ చూస్తుంటాను అన్నాను. అది అబద్ధం. మా నాయన అలంకారాలు ఎన్నయినా వేసేవాడు గానీ లేనిది రాసేవాడు కాదు. మిగతావాళ్ళు నా ముసాయిదా చూసి కుటుంబానికొక కాగితం చొప్పున ఎత్తిరాశారు. పేర్లు మార్చడమే తేడా.

అన్నీ రాసేసరికి పొద్దు వాలింది. యర్రగొండపాలెంలో మార్కాపురం పోయే ఆఖరి బస్సు అందుకోవాలి, అక్కడిదాకా నడక. హడావుడిగా ఇంకు ప్యాడు తెరిచి, వరసన నిలబెట్టి, వేళ్ళు ఒత్తించాం. నీలివేళ్ళు చూసుకుని ఆడవాళ్ళు నవ్వారు, గురవమ్మ తన వేలు ఈదన్న ముక్కుకు రాసింది. ఈదన్న వేలు పెట్టబోతూ ఆగి, ఏం రాసినారు సామీ అని అడిగాడు. బస్సు పోతుందని నా తొందర. “మీకు మంచి జరిగేదే రాసినాం ఈదన్నా, పెట్టు” అన్నాను. ఆయన పెట్టాడు. అట్లా ఇరవై చిల్లర కాగితాల మీద, ఒక్కటి కూడా చదివి వినిపించకుండా, వేలిముద్రలు వేయించుకుని పరిగెత్తాం. బస్సు దొరికింది. మార్కాపురం దాకా పాటలు పాడుకుంటూ వచ్చాం.

అర్జీలు పెట్టాక నెలలు గడిచాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఎండలు ముదిరాయి. చెంచులకు అది కొండతేనె కాలం. ఏడాదికి సరిపడా జొన్నలూ గుడ్డలూ ఆ కొద్ది వారాల తేనెతోనే రావాలి. మా కాగితాలు ఆఫీసు నుంచి ఆఫీసుకు నడిచి, అడవి శాఖ వాళ్ళ దగ్గరికీ వెళ్ళాయట. భూమి సంగతి ఇంకా తేలలేదు గానీ మా వాక్యం మాత్రం తేలింది. ఒకరోజు తాళ్ళూ బుట్టలూ తీసుకుని కొండకు పోతున్న గూడెం వాళ్ళను గార్డు ఆపేశాడు. అడవి మానుకున్నామని మీరే వేలేసి ఇచ్చినారు గదా, ఇక మీకు లోపల పనేంది అన్నాడు. వాళ్ళు కాదన్నారు. వేలిముద్రలు ఔనన్నాయి.

ఇవన్నీ మాకు తెలిసింది ఈదన్న, గురవమ్మ మార్కాపురం దాకా నడిచి వచ్చాకనే. మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి, నాయన పిలుస్తున్నాడని కబురు వచ్చింది. అరుగు దగ్గరికి పోతే వాళ్ళిద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. తగాదాకు రాలేదు వాళ్ళు. మేం వేలేసిన కాగితంలో ఏముందో చదివి చెప్పు సామీ అని నాయనను అడిగారంతే. నా దగ్గర నకలు ఉందని నాయనకు తెలుసు, నకలు ఉంచుకోవడం ఆయన నేర్పిన అలవాటే. ఇంటికి పోయి తెమ్మన్నాడు. తెచ్చి ఇస్తే తీసుకోలేదు. నువ్వే చదువు, పైకి చదువు అన్నాడు. కచేరీకి వచ్చిన జనం చుట్టూ నిలబడి ఉన్నారు. మొదలుపెట్టాను. దివ్యసముఖము దాటింది, చిత్తగించవలెను దాటింది. అడవి వృత్తి పూర్తిగా మానుకొని అన్న చోటికి వచ్చేసరికి ఆగిపోయాను. నాయన ఊరుకోలేదు. మళ్ళీ మొదటినుంచి చదివించాడు.

అంతా విన్నాక గురవమ్మ, “కొండ మానుకున్నామని మేం ఎవురితో అన్యాం?” అంది. కోపంగా కాదు, నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నట్టు అడిగింది. ఈదన్న నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. కొండచరియ అంచున తేనెపట్టుకు దిగేవాడు తాడు నడుముకు కట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేవాడు ఎవరైనా సరిపోదు. సొంత అన్నదమ్ములనైనా నమ్మరు, పెళ్ళాం తోబుట్టువే పట్టాలి. ఎందుకంటే తాడు జారితే ముండమోసేది వాడి అక్కో చెల్లెలో. “మీరు తాడు పట్టినారు సామీ, మేం దిగినాం. మీకు తెలవకనే ఇడిసినారు” అన్నాడు. తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. ఆ తెలవకనే అన్న మాట ఓర్చుకోలేకపోయాను. అందరి ముందూ ఏడ్చాను.

ఆ పూట వాళ్ళు మా ఇంటి దగ్గరే తిన్నారు. అమ్మ సంకటి, గోంగూర పులుసు పెట్టింది. పెట్టింది అరుగు మీద, విస్తరాకుల్లో. లోపలికి రమ్మనలేదు, వాళ్ళూ రాబోలేదు. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదని కూడా ఇక్కడే రాసేస్తున్నాను, దాచుకోవడం ఎందుకు. తిన్నాక దస్తగిరిని, మిగతా నలుగురినీ పిలిపించాడు నాయన. రెండో అర్జీ అక్కడే మొదలైంది. “ఈసారి నువ్వు రాయొద్దు. వాళ్ళు చెప్తారు, నీ చెయ్యి రాస్తాది” అన్నాడు నాయన. ఒక్కో వాక్యం చెప్పించుకుని, రాసి, చదివాను. మాకు భూమీ కావాలి, కొండా కావాలి. వానకు దున్నుతాం, ఎండకు తేనెకు పోతాం. అలవాటు కొద్దీ మధ్యలో దిక్కులేనివారము అని రాసి చదివేశాను. గురవమ్మ ఆపింది. దిక్కు లేనిది ఎవురికి, కొండ ఉండాది గదా మాకు, అది తీసెయ్ అంది. నాయన ఏళ్ళుగా ప్రతి అర్జీలోనూ రాసిన మాట అది. ఆయన నశ్యం పట్టడం మరిచిపోయి గురవమ్మ వంక చూశాడు. కొట్టేయమన్నాడు. కొట్టేశాను.

కాని కొత్త అర్జీ ఒక్కటే సరిపోదు. పాతదాని మీద వేలిముద్రలు ఉన్నాయి. అవి వాళ్ళ మాటలు కావు, మావి అని ఎవరో ఒప్పుకోవాలి. చదివి వినిపించకుండా వేలు వేయించుకోవడం నేరమని, హెడ్మాస్టరుకు తెలిస్తే పరీక్షకు కూర్చోనివ్వడని మా ఆరుగురిలో ఇద్దరు భయపడ్డారు. నేనూ భయపడ్డాను. అడవి శాఖ రేంజి ఆఫీసులో ఆఫీసరు పాత కాగితం బల్ల మీద పెట్టి ఇది ఎవరి రాత అని అడిగినప్పుడు నేను దస్తగిరి వెనక్కి జరిగాను. దస్తగిరి ముందుకు అడుగేసి, “మేమే రాసినాం సార్. వాళ్ళకు చదివి చెప్పలేదు” అన్నాడు. రాసింది నేను, మేము అన్నది వాడు. ఆ మాట వెనక నేనూ నిలబడి, మానుకున్నారన్న వాక్యం నాదేనని చెప్పాను. ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాగితాన్ని బట్టి పనిచేశాను, నాకు వాళ్ళ మనసులు ఎట్ల తెలుస్తాయి అన్నాడు. మా చేత సంజాయిషీ రాయించుకుని సంతకాలు తీసుకున్నాడు. బడికి కబురు పోయింది, హెడ్మాస్టరు వారం రోజులు మమ్మల్ని గది బయట నిలబెట్టాడు గానీ పరీక్ష ఆపలేదు.

గూడేన్ని మళ్ళీ అడవిలోకి పోనిమ్మని ఉత్తర్వు వచ్చింది. అది వచ్చేసరికి తొలకరి పడింది, తేనెపట్లు ఖాళీ అయ్యాయి. ఆ యేడు ఆ గూడెం తేనె దించలేదు. దించనివ్వనిది గార్డు అంటారు వినేవాళ్ళు. కాదు, నేను.

అంతకుముందే, నడివేసవిలో, గూడెంలో సగం మంది మార్కాపురం పలకల గనులకు కూలికి వచ్చారు. పరీక్షలయ్యాక ఒకరోజు అటు పోతే, గని అంచున గురవమ్మ నెత్తిన రాతిపలకల తట్టతో ఎక్కివస్తోంది. జుట్టు, కనుబొమలు, పెదవులు అన్నీ బూడిదరంగు దుమ్ము. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కొండనీడలో తిరిగిన మనిషి ఆ గోతిలో ఎండకు మాడుతోంది. తప్పించుకుందామనుకునేలోపే చూసింది. “బాగుండావా తమ్ముడా?” అంది. అంతవరకూ నన్ను సామీ అనేది. తమ్ముడన్నాక నేను ఈదన్నకు బామ్మర్దినయ్యాను, అంటే తాడు పట్టాల్సినవాణ్ణి. ఆమె అంత ఆలోచించి అందో, అందరినీ పిలిచినట్టే పిలిచిందో, ఇప్పటికీ నాకు తెలియదు. తల ఊపాను. ఆమె తట్ట దించడానికి వెళ్ళిపోయింది.

నిరుడు ఏదో పనిమీద యర్రగొండపాలెం పోయి, ఒక ఆఫీసు వరండాలో కూర్చున్నాను. చెంచులకిప్పుడు చాలా వచ్చాయి. పక్కా ఇళ్ళు, కరెంటు, రేషను, పింఛను, బడి. అప్పుడు మేం కలలో కూడా అడగనివి ఎన్నో. కాదనడానికి నేనెవణ్ణి. కాని అన్నిటికీ ఒక చిన్న యంత్రం మీద వేలు పెట్టాలి. ఒక కుర్రాడు తెర వైపే చూస్తూ వేలు వేలు అంటున్నాడు, జనం పెడుతున్నారు, కీచుమంటోంది, జరుగుతున్నారు. దేనికి పెడుతున్నామని అడిగినవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. నా వంతు వచ్చింది. నేనూ అడగలేదు, బస్సుకు వేళవుతోంది. మాకు అప్పుడు తెలియక చదవలేదు, ఇప్పుడు తెలిసీ ఎవరికీ తీరిక లేదు. చదివి వినిపించడమనే మర్యాద మా నాయన తరంతోనే పోయినట్టుంది. బస్సెక్కాక నాకు పట్టాల రోజు గుర్తుకొచ్చింది.

రెండో అర్జీ పెట్టిన మరుసటి యేడు భూమి పట్టాలు వచ్చాయి. గూడెంలోనే ఒక బల్ల వేసి గుమాస్తా కూర్చున్నాడు. సాయంగా నన్నూ దస్తగిరినీ రమ్మన్నారు. పేర్లు పిలిచే పని నాకు ఇచ్చారు. మొదటి పేరు ఈదన్నది. ఆయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గుమాస్తా ఇంకు ప్యాడు ముందుకు తోసి, ఊఁ వెయ్యి అన్నాడు. ఈదన్న చేతులు వెనక్కి కట్టుకుని, సదవండి సామీ, ఇంటా అన్నాడు. ఇంతమందికి చదువుకుంటూ కూర్చుంటే తెల్లారుతుందని గుమాస్తా విసుక్కుని నా వైపు చూశాడు. ఎండ మండుతోంది. పట్టా నేను పొద్దున్నే చూశాను, హద్దులు, విస్తీర్ణం అన్నీ సరిగ్గా ఉన్నాయి. గుమాస్తాకు ఎక్కడ కోపమొచ్చి బల్ల ఎత్తేస్తాడోనని నాకు గుబులు. అంత జరిగాక, అంత ఏడ్చాక, మళ్ళీ నా నోటినుంచే వచ్చింది ఆ మాట. “నేను చూసినాలే ఈదన్నా, బాగుండాది. వేలు పెట్టు” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో.

“నువ్వు సూసినావు బామ్మర్దీ. నేను ఇంకా ఇనలేదు గదా.”

నేను పక్కకు జరిగాను. గుమాస్తా కాసేపు ఇద్దరినీ చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఈదన్న కళ్ళు మూసుకుని విన్నాడు. తూర్పున వాగు, పడమర బండ, ఉత్తరాన ఫలానా వాళ్ళ చేను అని వచ్చినప్పుడల్లా ఆ దిక్కుకు తల తిప్పి ఔనన్నాడు. అంతా అయ్యాక వేలు వేశాడు. తరవాత గురవమ్మ తమ్ముడు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ఆ తరవాత ఇంకొకరు. ఆ సాయంత్రం దాకా ప్రతి కుటుంబానికీ వాళ్ళ కాగితం చదివి వినిపించాల్సి వచ్చింది. గుమాస్తా గొంతు ఎండిపోతే చివరి నాలుగూ నేనే చదివాను.